బేత్లెహేము నర్సమ్మలు

నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డుకు సూది వెయ్యడం చూడాలి. దారప్పోగంత నరం. వేలి కొసతో దాన్ని వెతికి పట్టుకోవాలి, బిడ్డ ఒళ్లు చల్లబడకముందే పని ముగించాలి. గుడ్డ మార్చడం, జ్వరం చూడడం, ముక్కు గొట్టంలోంచి తల్లిపాలు చుక్కచుక్కగా పట్టడం, అన్నీ ఒకే విడతలో కానిచ్చి మళ్లీ నిద్రపోనివ్వాలి. ఆ నిద్రలోనే బిడ్డ పెరిగేది. యంత్రం మోగకముందే చర్మం రంగు మారడాన్ని పసిగట్టే ఆ నర్సుల కన్నుకు నేను చేతులెత్తి దండం పెడతాను.

బేత్లెహేములోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో రోజూ జరిగే పని ఇదే. దాన్ని నడిపేది ఆర్డర్ ఆఫ్ మాల్టా. ఒకప్పుడు కత్తి పట్టిన క్యాథలిక్ వీరుల సంఘమే అయినా, దాని పుట్టుక జెరూసలేములో యాత్రికులకు వైద్యం చేసిన ఆసుపత్రిలో. 1113లో పోపు రెండవ పాస్కల్ గుర్తించింది ఆ ఆసుపత్రినే. అందుకే ఈ సంఘం చరిత్రలో యుద్ధాలకన్నా నాకు ఈ పురిటిగదులే పెద్దవి.

అల్లర్ల వల్ల 1985లో మూతపడిన ఈ ఆసుపత్రి 1990లో కాన్పుల కోసం మళ్లీ తెరుచుకుంది. అప్పటినుంచి లక్షమందికి పైగా బిడ్డలు ఇక్కడ పుట్టారు. వచ్చే తల్లుల్లో ఎక్కువమంది ముస్లింలు. మతం ఏదైనా, చేతిలో డబ్బున్నా లేకపోయినా పురుడు పోస్తారు. రాలేనివాళ్లకోసం వైద్యుల బండి ఎడారిలోని బెదూయిన్ పల్లెలకు వెళ్లి గర్భిణులను, పసిపిల్లలను అక్కడే పరీక్షిస్తుంది.