గది లోపలి స్త్రీలు, బయటి చూపు

పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా చిత్రకారులు, ముఖ్యంగా ఫ్రెంచివాళ్లు, తుర్కీ, అల్జీరియా, మొరాకో దేశాల స్త్రీలను విరివిగా గీశారు. వీటిని ఓరియంటలిస్టు చిత్రాలు అంటారు. తెలుగులో ప్రాచ్యవాద చిత్రాలు అనవచ్చు. ఇరవయ్యో శతాబ్దంలో మతీస్, పికాసో వంటి ఆధునికులు అదే వస్తువును మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. గీత మారింది, రంగు మారింది. చూపు మారిందా అన్నది మా ప్రశ్న. ఎక్కడో ఉన్న ఆ బొమ్మలతో ఆదివాసులకు ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మనమూ బొమ్మలకెక్కిన వాళ్లమే కనుక పని ఉంది.

ముందు ఆంగ్ర్ అనే చిత్రకారుణ్ణి చూద్దాం. 1814లో నేపుల్స్ రాణి కోసం ఆయన ‘గ్రాండ్ ఒడాలిస్క్’ గీశాడు. ఒక స్త్రీ బట్టలు లేకుండా పరుపు మీద వెన్ను మనకు చూపిస్తూ పడుకుని, భుజం మీదుగా వెనక్కి చూస్తుంటుంది. తలకు పాగా, చేతిలో నెమలి ఈకల విసనకర్ర. ఆ వెన్ను ఎంత పొడుగంటే, వెన్నుపూసలు రెండు మూడు ఎక్కువ పెట్టాడని ఆ రోజుల్లోనే విమర్శకులు ఎత్తిపొడిచారు. ఆంగ్ర్ తూర్పుదేశాలకు ఎన్నడూ వెళ్లలేదు. తన 82వ ఏట, 1862లో ముగించిన ‘టర్కిష్ బాత్’ చిత్రంలో గుంపుగా స్నానాల గదిలో ఉన్న స్త్రీలను కూడా ఆయన కళ్లతో చూడలేదు. తుర్కీలో ఉండివచ్చిన ఒక ఆంగ్ల రాయబారి భార్య రాసిన పాత ఉత్తరాలు చదివి ఊహించుకున్నాడు.

ఇక్కడ ‘ఒడాలిస్క్’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తుర్కీ భాషలో ‘ఒడా’ అంటే గది. ‘ఒడాలిక్’ అంటే అంతఃపురం గదుల్లో పనిచేసే దాసి. ఆ మాట ఫ్రెంచిలోకి వెళ్లేసరికి పనిమనిషి కాస్తా పనీపాటా లేకుండా పడుకున్న అందగత్తె అయింది. చాకిరీ చేసే మనిషి నుంచి చాకిరీని తీసేసి ఒళ్లు ఒక్కటే మిగిల్చారు. ప్రాచ్యవాద చిత్రాల కిటుకు చాలావరకు ఈ ఒక్క మాటలో ఉంది.

దెలక్రువా అలా కాదు, వెళ్లి చూసినవాడు. 1832లో ఫ్రెంచి రాయబార బృందంతో మొరాకో వెళ్లి, తిరుగు ప్రయాణంలో అల్జీర్స్‌లో ఆగాడు. అక్కడ ఒక ఇంట్లో స్త్రీలు ఉండే గదిని కొద్దిసేపు చూడగలిగాడు. దాన్నుంచి పుట్టిన ‘అల్జీర్స్ స్త్రీలు’ 1834లో పారిస్‌లో ప్రదర్శించారు. మంచి చిత్రం. స్త్రీలకు బట్టలున్నాయి. వెలుగు మెత్తగా పడుతుంది. పలకల నేల, ఆకుపచ్చ, ఎరుపు, బంగారు రంగులు చూసేవాణ్ణి కట్టిపడేస్తాయి. దాని అందాన్ని కాదనడానికి మాకు కారణం లేదు.

అయితే ఫ్రాన్స్ అల్జీర్స్‌ను ఆక్రమించింది 1830లో. పరాయి మగవాడికి తెరుచుకోని తలుపు రెండేళ్లకే తెరుచుకుందంటే, అతని వెనుక ఒక సైన్యం నీడ ఉందని మనం గుర్తుపెట్టుకోవాలి. ఆ గదిలో వేసుకున్న చిత్తు బొమ్మల పక్కన దెలక్రువా కొందరి పేర్లు రాసుకున్నాడు. మూనీ బెన్ సుల్తాన్ అన్న పేరు అలాగే మనకు తెలుస్తుంది. పెద్ద చిత్రానికి వచ్చేసరికి ఆ పేర్లు పోయి ‘అల్జీర్స్ స్త్రీలు’ అన్న మాట మిగిలింది.

ఇంకో సంగతి. చిత్రంలో ముగ్గురు స్త్రీలు కూర్చుని ఉంటారు. కుడివైపు ఒక నల్లజాతి స్త్రీ వెళ్లిపోతూ వెనక్కి తిరిగి చూస్తుంటుంది. ఆమె ఆ ఇంటి పనిమనిషి. నలుగురిలో నిలబడి ఉన్నది, కదులుతున్నది ఆమె ఒక్కతే. ఈ చిత్రం గురించి మాట్లాడేవాళ్ల కళ్లు ఎక్కువగా ఆ ముగ్గురి మీదే ఉంటాయి. ఆదివాసీ పాఠకులు మాత్రం ఆ నాలుగో స్త్రీ దగ్గర ఆగాలని మా మనవి.

జెరోమ్‌ది ఇంకో దారి. ఆయన 1866 నాటి ‘బానిసల సంత’లో ఒక నగ్న స్త్రీ నిలబడి ఉంటే, కొనుగోలుదారు ఆమె నోట్లో వేలు పెట్టి పళ్లు పరీక్షిస్తుంటాడు, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు. గోడలూ బట్టలూ ఫోటో తీసినంత వివరంగా ఉంటాయి. అందుకే అది నిజమని జనం నమ్మారు. లిండా నాక్లిన్ అనే కళాచరిత్రకారిణి 1983లో రాసిన వ్యాసంలో ఇలాంటి చిత్రాల్లో లేనివాళ్లు ఎవరో చూడమంది. బొమ్మలో ఐరోపా మనిషి ఉండడు. అమ్మేవాడూ కొనేవాడూ తూర్పువాళ్లే. పాపమంతా వాళ్లదే అయిపోతుంది. ఆ స్త్రీ దేహాన్ని పారిస్‌లో నిలబడి తీరిగ్గా చూస్తున్నవాడు మాత్రం సాక్షిగా, మంచివాడిగా మిగిలిపోతాడు. జెరోమ్ గీసిన మరో చిత్రం ‘పాములవాడు’ ఎడ్వర్డ్ సయీద్ 1978లో రాసిన ‘ఓరియంటలిజం’ పుస్తకానికి అట్టమీది బొమ్మ అయింది.

ఇక ఆధునికులు. మతీస్ 1920లలో ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో వరుసగా ఒడాలిస్కులను గీశాడు. అద్దె ఇంట్లో తెరలు కట్టి, మొరాకో బట్టలు తెప్పించి, ఆన్రియెత్ దారికారేర్ అనే ఫ్రెంచి యువతికి ఎర్ర సల్వారు తొడిగి కూర్చోబెట్టాడు. ఆమె సంగీతం, చిత్రలేఖనం తెలిసిన మనిషి. బొమ్మలో ఆమె ఏ పనీ లేని ఒడాలిస్కు. మతీస్ గొప్పతనం రంగుల్లో ఉంది. గోడకాగితం పువ్వు, తివాచీ పువ్వు, స్త్రీ దేహం అన్నీ ఒకే నేతలా కలిసిపోతాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. స్త్రీ ఆ గదిలో ఇంకో అలంకారం అయింది. 1925లో ఫ్రెంచి సైన్యం మొరాకోలోని రిఫ్ కొండల ప్రజలతో యుద్ధం చేస్తోంది. ఆ సంగతి ఈ తెరల వెనక్కి రాలేదు. జెరోమ్ అబద్ధాన్ని నిజంలా గీశాడు. మతీస్ అది వేషమేనని దాచలేదు. ఆమేరకు ఆధునికత నిజాయితీ తెచ్చింది. స్త్రీ ఉన్న చోటు మారలేదు.

పికాసో 1954 డిసెంబరు నుంచి 1955 ఫిబ్రవరి దాకా దెలక్రువా చిత్రాన్ని తీసుకుని 15 చిత్రాలు గీశాడు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది 1954 నవంబరు 1న. స్త్రీల దేహాలు ముక్కలై, కోణాలై, గది గోడలు విరిగినట్టు కనిపిస్తాయి. అల్జీరియా రచయిత్రి అసియా జెబార్ దెలక్రువా చిత్రం పేరే తన 1980 నాటి కథల పుస్తకానికి పెట్టుకుంది. పికాసో ఆ గది తలుపులు తెరిచాడని, పోరాటంలోకి వచ్చిన స్త్రీలు అందులో కనిపిస్తారని ఆమె చదువుకుంది. ఆ మాటను మేము గౌరవిస్తాం. అయినా బట్టలున్న దెలక్రువా స్త్రీలను పికాసో మళ్లీ నగ్నంగా చేశాడన్నది కళ్లెదుట ఉంది. వాటిలో చివరిదైన ఒక చిత్రం 2015లో న్యూయార్క్ వేలంలో దాదాపు 18 కోట్ల డాలర్లకు పోయింది. గది ఎంత విరిగినా సరుకు సరుకే.

అదే పికాసో 1961లో జమీలా బూపాషా బొమ్మ గీశాడు. ఆమె అల్జీరియా స్వాతంత్ర్య పోరాటకారిణి. ఫ్రెంచి సైనికులు ఆమెను చిత్రహింసలు పెట్టారు. మరుసటి ఏడు ఆమె కేసు మీద వచ్చిన పుస్తకం అట్ట మీద ఆ బొమ్మ ఉంది. రంగుల్లేవు, తివాచీ లేదు. ఒక ముఖం, ఒక పేరు. పదిహేను చిత్రాలు చేయలేని పని ఈ ఒక్క బొమ్మ చేసిందని మా అభిప్రాయం. శైలి కొత్తదైనందువల్ల చూపు మారలేదు. ఎదురుగా ఉన్నది ఫలానా మనిషి అని ఒప్పుకున్నప్పుడు మారింది.

బయటివాళ్లు ఎలా గీసినా ఒక మెట్టు మిగిలే ఉంటుంది. అది గదిలోని మనిషే కుంచె పట్టడం. అల్జీరియాకు చెందిన బాయా 1931లో పుట్టింది. తల్లీతండ్రీ లేని పిల్ల. ఒక ఫ్రెంచి స్త్రీ ఇంట్లో పనికి కుదిరింది. బడికి పోకుండానే బొమ్మలు నేర్చుకుంది. 1947లో, పదహారేళ్లకే, పారిస్‌లో ఆమె చిత్రాల ప్రదర్శన జరిగింది. ఆమె స్త్రీలు పువ్వుల గౌనులు తొడుక్కుని, పెద్ద కళ్లతో, పక్షులతో, చేపలతో, వాద్యాలతో ఉంటారు. పడుకుని ఎవరికోసమో ఎదురుచూడరు. దెలక్రువా బొమ్మలో వెళ్లిపోతున్న ఆ నాలుగో స్త్రీ వంటి మనిషే ఇక్కడ చిత్రకారిణి.

మొరాకోలో పుట్టిన లాలా ఎస్సైదీ మన కాలపు ఫోటో కళాకారిణి. ఆంగ్ర్ ఒడాలిస్కు భంగిమలోనే స్త్రీని పడుకోబెట్టి, ఒంటినిండా బట్ట కప్పి, బట్ట మీదా చర్మం మీదా గోడ మీదా గోరింటాకుతో అరబ్బీ అక్షరాలు రాస్తుంది. అందమైన రాత అక్కడ మగవాళ్ల విద్య, గోరింటాకు ఆడవాళ్లది. రెంటినీ కలిపింది. ఆ అక్షరాలు మనకు పూర్తిగా అందవు. చూసేవాడికి అన్నీ అందనక్కర్లేదని చెప్పడం కూడా ఒక జవాబే. అయితే లోపలివాళ్లు గీస్తే చాలు, అంతా సరైపోతుందనుకోకూడదు. ఈ ఫోటోలు కూడా అందంగా ఉంటాయి. ఆ అందాన్ని పాత కళ్లతోనే కొనుక్కునేవాళ్లు ఉంటారు. ఎవరు గీసినా అడగాల్సింది అడగాలి.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులోని ఫోటోల కింద సాధారణంగా తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. మూనీ బెన్ సుల్తాన్ పేరు పోయినట్టే మన అవ్వల పేర్లూ పోయాయి. నేటి క్యాలెండర్లలో, ఆఫీసు గోడల మీద ‘గిరిజన యువతి’ తలలో పువ్వు, చంకలో కుండతో నవ్వుతుంటుంది. తునికాకు కట్టలు కట్టి నల్లబడిన వేళ్లు ఆమెకు ఉండవు. పోడు భూమి పట్టా కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముఖం ఉండదు. ఆదివాసీ దినోత్సవం పోటీల్లో మన పిల్లలు ఆ క్యాలెండర్ బొమ్మనే చూసి గీస్తే, మనమే బహుమతులు ఇస్తున్నాం. ఒడాలిస్కును మన పిల్లల చేతే గీయిస్తున్నామన్నమాట.

వేరే దారి ఉంది. భూరీ బాయి భిల్లు స్త్రీ. భోపాల్‌లో భారత్ భవన్ కట్టేటప్పుడు కూలిపనికి వెళ్లింది. ఇంటి గోడల మీద గీసే బొమ్మలను అక్కడ కాగితం మీద గీయడం మొదలుపెట్టింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆమె బొమ్మల్లో చెట్లు, నెమళ్లు, పండుగలు ఉన్నాయి, తన సొంత బతుకు కథా ఉంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఈసారి పోటీ పెట్టినప్పుడు ‘ఆదివాసీ స్త్రీ’ అని అంశం ఇవ్వకండి. మీ ఊళ్లో మీకు తెలిసిన ఒక స్త్రీని, ఆమె పని చేస్తుండగా, ఆమెను అడిగి గీయమని చెప్పండి. బొమ్మ కింద ఆమె పేరు రాయించండి. వంకర గీతలు వస్తే రానివ్వండి. గీసిన బొమ్మను ముందు ఆమెకే చూపించమనండి. బాగుందో లేదో మొదట చెప్పాల్సింది ఆమె.