పెట్టెలో వచ్చే టెస్ట్ కార్డు

జర్మనీలో తయారైన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొంటే, పెట్టెలో తుపాకీతో పాటు చిన్న అట్ట కార్డు ఒకటి వస్తుంది. దాని మధ్యలో ఒకే ఒక చిల్లు ఉంటుంది. ఒకటి కాదు, అయిదు పెల్లెట్లు ఒకే చోట దూరితే ఏర్పడిన చిల్లు అది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్‌షుట్జ్ అని మన పిల్లలు కలవరించే పేర్లన్నిటిదీ ఇదే పద్ధతి.

మా మంగళగిరిలో మగ్గం నేసే ఒక తండ్రి ఈమధ్య ఆ కార్డు ఫొటో ఫోనులో చూపించి, "అన్నా, కంపెనీ వాళ్ళే కాల్చి చూసి ఇస్తన్నారు గదా, అప్పు చేసైనా కొనమంటావా?" అని అడిగాడు. కూతురు షూటింగ్ మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. రైఫిల్ రెండు లక్షల పైమాట. నేను ఎన్నో ఏళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను. అయినా ఆయనకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేదు. కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతి ఇది.

ఆ కార్డు అబద్ధమని నేననను. రైఫిల్‌ను వైస్‌లో బిగించి, గాలి కదలని హాల్లో, ఫ్యాక్టరీ ఎంచుకున్న పెల్లెట్లతో కాలిస్తే ఈ బ్యారెల్ ఇలా కొట్టిందని అది చెబుతుంది. అంతవరకు నిజమే. మీ ఊళ్ళో దొరికే పెల్లెట్ డబ్బాతో ఎలా కొడుతుందో చెప్పదు. అయిదుకు బదులు ఇరవై కాలిస్తే ఆ చిల్లు ఎంత పెద్దదయ్యేదో చెప్పదు, పెద్దది కావడం మాత్రం ఖాయం. ఆ ఒక్క కార్డును ఎన్నిట్లోంచి ఏరారో కూడా చెప్పదు.

ఇప్పుడు లెక్క చూడండి. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. కార్డు మీద చిల్లు ఈ చివరి నుంచి ఆ చివరికి 5.5 మిల్లీమీటర్లు ఉందంటే, పెల్లెట్ల కేంద్రాలు 1 మిల్లీమీటరు లోపలే చెదిరాయన్నమాట. 10 మీటర్ల టార్గెట్‌లో నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 10.9 నుంచి 10.8కి, అక్కడి నుంచి 10.7కి, ప్రతి మెట్టూ పావు మిల్లీమీటరే. అంటే ఆ బ్యారెల్ తన వంతుగా పోగొట్టేది మహా అయితే 0.2 పాయింటు. సగటున 9.5 కొడుతున్న పిల్ల గురి కేంద్రానికి మూడున్నర మిల్లీమీటర్ల దూరంలో పడుతోంది. ఆ మూడున్నర మిల్లీమీటర్లు బ్యారెల్‌లో లేవు. భుజం ఆనిక, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు, కాళ్ళ నిలకడ, వీటిలో ఉన్నాయి. రెండు లక్షలు పోసినా అవి పెట్టెలో రావు.

బ్యారెలే పాయింట్లు తెస్తుందనే అమ్మేవాళ్ళ మాటకు బలం వచ్చింది 2013 నుంచి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిచినప్పుడు దశాంశాలు ఫైనల్లోనే, క్వాలిఫికేషన్‌లో పూర్ణాంకాలే లెక్క, అందులో 600కి 598 కొట్టాడు. తర్వాతి ఏడాది నుంచి క్వాలిఫికేషన్‌లో కూడా దశాంశాలే. అప్పటి నుంచి ప్రతి 0.1నీ బ్యారెల్‌కు ముడిపెట్టి అమ్ముతున్నారు. 630 దాటే షూటర్‌కు అది నిజంగా పనికొచ్చే మాటే. 570 కొట్టే పిల్లకు కాదు.

ఇక చవక రైఫిళ్ళ సంగతి. వాటితో కార్డు రాదు, పెట్టె మీద "సెకనుకు 1000 అడుగుల వేగం" అన్న అచ్చు ఉంటుంది. మన ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ళ శక్తి దాటని .177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. మామూలు సీసం పెల్లెట్ 0.53 గ్రాములు. అది 1000 అడుగుల వేగంతో వెళ్తే శక్తి 24 జౌళ్ళు దాటుతుంది. కాబట్టి ఆ అచ్చు నిజమైతే ఆ తుపాకీ లైసెన్సు లేకుండా అమ్మకూడదు, లేదా ఎవరూ వాడని తేలికపాటి పెల్లెట్‌తో కొలిచి ఆ అంకె వేసుకున్నారు. 10 మీటర్ల పోటీ రైఫిళ్ళ వేగం ఇందులో సగానికి కాస్త పైన. ఆ ఆటలో వేగానికి విలువే లేదు.

ఈ తంటా మన క్లబ్బులకే పరిమితం కాదు. పరీక్షలన్నీ దాటి సైన్యానికి చేరిన మన ఇన్సాస్ రైఫిళ్ళ ప్లాస్టిక్ మ్యాగజీన్లు 1999 కార్గిల్ చలికి పగిలాయి. జర్మన్ సైన్యం జీ36 రైఫిల్ వేడెక్కితే గురి తప్పుతోందని 2015లో అక్కడి రక్షణమంత్రి పక్కన పెట్టేస్తామన్నారు. ఆ వివాదంలో 2016లో కోబ్లెంజ్ కోర్టు తయారీదారు పక్షానే తీర్పిచ్చింది. ఒప్పందంలో అడిగిన లక్షణాలన్నీ ఆ తుపాకీకి ఉన్నాయి మరి. ఏ పరీక్షైనా తనను అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. కొనేవాడు తన ప్రశ్న తాను అడగాలి.

ఇక ధర ఎక్కువైతే నాణ్యత కూడా ఎక్కువేనన్న నమ్మకం. ఆ విషయంలో గుంటూరు రైతుకు ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటిన రోజుల్లో, అందులో వెయ్యికి పైగా టెక్నాలజీ ఫీజే. పరిశోధనకు అయిన ఖర్చు అది అన్నారు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఫీజు తీసుకునే మహికో మోన్‌శాంటో కంపెనీ మీద, గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్ళింది. ఆ ఏడాదే ప్యాకెట్ 750కి దిగింది. గింజ అదే, సంచీ అదే. రైఫిల్ ధరలో కూడా ఉక్కు, పనితనంతో పాటు సుంకం, రవాణా, డీలరు లాభం, పేరుకిచ్చే కట్నం ఉంటాయి. ఎంత పెట్టామన్నది ఎంత పరీక్షించారన్నదానికి సాక్ష్యం కాదు.

అందుకే ఆ తండ్రికి చెప్పాను: ఈ ఏడాది క్లబ్బు రైఫిల్‌తోనే కాల్చనివ్వండి. కొనే రోజు వచ్చినప్పుడు డీలరు దగ్గర కార్డు చూడడంతో ఆగకండి. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తల వ్యాసం ఉన్న పెల్లెట్లు తలో డబ్బా తెప్పించి, లాట్ నంబర్లు రాసుకుని, వైస్‌లో బిగించి ఒక్కో డబ్బాతో పది చొప్పున కాల్చి చూపమనండి. ఏ చిల్లు చిన్నదైతే ఆ లాట్‌వే నాలుగు డబ్బాలు ఎక్కువ కొనండి. సెకండ్ హ్యాండ్ అయితే గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. పదేళ్ళు దాటినది పోటీలో పనికిరాదు, అమ్మేవాడు బ్యారెల్ గురించి ఎంత చెప్పినా సరే.

డీలరు దగ్గర వైస్ లేకపోతే? చాలామంది దగ్గర ఉండదు. పత్తి గింజ మీద అనుమానం వస్తే రైతు తడి గోనెపట్టాలో వంద గింజలు చుట్టి మొలకలు లెక్కపెట్టుకుంటాడు, ఇంకా నమ్మకం చాలకపోతే ప్రభుత్వ విత్తన పరీక్షా కేంద్రానికి పంపుకుంటాడు. షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు అలాంటి చోటే లేదు. జిల్లాకో క్లబ్బులో గట్టి వైస్ ఒకటి, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒకటి, నాలుగు రకాల పెల్లెట్ డబ్బాలు పెడితే చాలు. ఒక రైఫిల్ ధరలో సగం కూడా కాదు. రాష్ట్ర రైఫిల్ సంఘం వాళ్ళు ఈ కాలమ్ చదివితే, ఈ సీజన్‌లోనే గుంటూరుతో మొదలుపెట్టమని అడుగుతున్నాను. బిగించడానికి, కాల్చడానికి, రాసిపెట్టడానికి ఆదివారాలు నేను వస్తాను.