గాలిబండ మీద కెమెరా నిలవాలంటే

హార్స్‌లీ హిల్స్ మీద గాలిబండ దగ్గర తెల్లారకముందే కెమెరాలు పెట్టుకుని కూచునే కుర్రాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ల కెమెరాలు మంచివి, లెన్సులు ఇంకా మంచివి. వాటి కింద, స్టాండు మీద బిగించిన హెడ్‌ను చూసినప్పుడే మనసు చివుక్కుమంటుంది. స్టాండుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ హెడ్ మీద లక్షల విలువైన సామాను ఊగుతూ ఉంటుంది. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైన, అడ్డూ ఆపూ లేకుండా గాలి కొట్టే చోటది. సూర్యుడు పొడవకముందు ఐఎస్ఓ 100, ఎఫ్/11 దగ్గర పెడితే షట్టర్ కొన్ని సెకన్లపాటు తెరిచే ఉండాలి. ఆ కొన్ని సెకన్లలో హెడ్ వెంట్రుకవాసి కదిలినా, దూరపు గుట్టల అంచులు అలుక్కుపోతాయి. ఇంటికెళ్లి కంప్యూటర్లో చూసుకున్నాక లెన్సును తిట్టుకోవడం చాలామందికి అలవాటు. తప్పు మాత్రం ఎక్కువసార్లు హెడ్‌దే.

కెమెరాను నిలబెట్టి, తీరిగ్గా దృశ్యం తీయడం మన ప్రాంతానికి కొత్త కాదు. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన కెప్టెన్ లినేయస్ ట్రైప్ తీసిన రాయకోట, సేలం జిల్లా దృశ్యాలు 1858లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి. ఆ రాయకోట కుప్పానికి ఎంతో దూరం లేదు, సరిహద్దు దాటి కృష్ణగిరి మీదుగా వెళ్తే వస్తుంది. కుప్పం దగ్గరి కంగుంది కొండకూ ఆ కొండలకూ పోలిక తెలుస్తూనే ఉంటుంది. అవే నున్నటి బండలు, అదే ఎండ. ఆ రోజుల్లో నెగటివ్‌లు పెద్ద పలకలంత ఉండేవి, ఒక్కో ఫొటోకు చాలాసేపు వెలుతురు పట్టేది. కెమెరా కదలకుండా నిలబడితేనే ఫొటో, లేకపోతే లేదు. అప్పుడు గత్యంతరం లేక పాటించిన ఆ నిదానమే దృశ్య ఫొటోగ్రఫీకి ప్రాణమని నా నమ్మకం. హెడ్‌ను ఎంచుకోవడమంటే ఆ నిదానానికి తగిన పనిముట్టును ఎంచుకోవడమే.

బరువు మోసే పని స్టాండు కాళ్లది. కెమెరాను ఎటు తిప్పాలి, ఎంత వంచాలి, వంచిన చోట ఎలా ఆపాలి అన్నది హెడ్ పని. ఇప్పుడు ఎక్కువమంది కొంటున్నది బాల్‌హెడ్. గిన్నెలో ఒక గుండు, దాన్ని బిగించే పెద్ద నాబ్, అడుగున అడ్డంగా తిరిగే పీఠం. నాబ్ వదులు చేస్తే కెమెరా ఎటైనా వాలుతుంది, బిగిస్తే ఆగుతుంది. తేలిక, చిన్నది, సంచిలో ఇట్టే ఇమిడిపోతుంది. కంగుంది లాంటి కొండ నడిచి ఎక్కేవారికి ఇంతకంటే అనువైనది లేదు. చిక్కల్లా ఒక్కటే. నాబ్ వదిలితే అన్ని వైపులా ఒకేసారి వదులవుతుంది. దిగంతరేఖ కాస్త వాలిందని సరిచేయబోతే, ముందు కుదుర్చుకున్న ఫ్రేమంతా చెదిరిపోతుంది. అందుకే బిగింపు నాబ్‌తో పాటు గుండు ఎంత బిరుసుగా కదలాలో నిర్ణయించే రెండో నాబ్ కూడా ఉన్న హెడ్డే కొనాలి. దాన్ని మీ కెమెరా బరువుకు తగ్గట్టు ఒకసారి సరిచేసి పెట్టుకుంటే, పెద్ద నాబ్ వదిలినా కెమెరా ముందుకు పడిపోదు.

బాల్‌హెడ్‌లో బయటికి కనిపించని జబ్బు కుంగడం. బిగించి చేయి తీసేశాక లెన్సు ముక్కు రవ్వంత కిందికి దిగుతుంది. వైడ్ లెన్సుతో ఇది తెలియదు. గాలిబండ నుంచి పొగమంచులో తేలుతున్న గుట్టల వరుసలను 200 ఎం.ఎం. లెన్సుతో దగ్గరికి లాగినప్పుడు తెలుస్తుంది. దీన్ని షాపులోనే పట్టుకోవచ్చు. మీ దగ్గరున్న వాటిలో బరువైన లెన్సు తీసుకెళ్లండి. వీధికి అవతల ఉన్న ఏదో ఒక బోర్డు మీద ఒక్క అక్షరాన్ని లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, సరిగ్గా మధ్యలో పెట్టి బిగించండి. మెల్లగా చేతులు తీసేయండి. అక్షరం ఉన్నచోటే ఉందా, కిందికి జారిందా? తర్వాత లెన్సు అంచును వేలితో ఒక్కసారి తట్టి, వణుకు ఎంతసేపటికి చల్లారుతుందో చూడండి. ఇంతకు మించిన పరీక్ష లేదు. పెట్టె మీద అచ్చేసిన కిలోల లెక్కను నమ్ముకుని కొనకండి, కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలవవు. కెమెరా, లెన్సు కలిపిన బరువుకు కనీసం మూడింతలు మోస్తుందన్న హెడ్‌నైనా ఈ పరీక్ష పెట్టాకే తీసుకోవాలి.

త్రీవే హెడ్‌ది వేరే దారి. దానికి పక్కకు తిప్పడానికి ఒకటి, ముందుకూ వెనక్కూ వంచడానికి ఒకటి, కుడి ఎడమలకు వాల్చడానికి ఒకటి, ఇలా విడివిడి బిగింపులు ఉంటాయి. ఒకటి కదిలిస్తే మిగతా రెండూ చెక్కుచెదరవు. పుంగనూరు వైపు చెరువు గట్టు మీద నిలబడి, నీటి అంచు తిన్నగా ఉండేలా ఫ్రేము కుదుర్చుకునేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. నీటిగీత రవ్వంత వాలినా చూసేవారి కన్ను అక్కడే తట్టుకుంటుంది. పొడుచుకొచ్చే పిడుల వల్ల సంచిలో సర్దడం కష్టం, బరువు కూడా ఎక్కువే.

ఆ దారిలోనే ఇంకో మెట్టు పైన ఉన్నది గేర్ హెడ్. ఇందులో నాబ్ తిప్పిన కొద్దీ పళ్ల చక్రం కెమెరాను పిసరంత పిసరంతగా జరుపుతుంది. బిగించడం, వదలడం అన్న గొడవే ఉండదు కాబట్టి కుంగడం కూడా దాదాపు ఉండదు. మాన్‌ఫ్రోటో 410 లాంటివి ఒక్క హెడ్డే కిలోకు పైగా తూగుతాయి. అయినా నా ఓటు దీనికే. ఫ్రేములోకి దూరిన కొమ్మను తప్పించడానికి, బండ అంచు దగ్గర కాస్త ఖాళీ వదలడానికి అది కల్పించే అవకాశం మరే హెడ్డూ కల్పించదు. తిప్పుతూ చూస్తాం, చూస్తూ ఆలోచిస్తాం. ఆ ఆలోచన ఫొటోలో కనిపిస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో దృశ్యాలు తీసేవారిలో పెళ్లి స్టూడియోల నుంచి వచ్చినవారు చాలామంది. వాళ్ల దగ్గర వీడియో కోసం కొన్న ఫ్లూయిడ్ హెడ్ ఉంటుంది. అది మెత్తగా తిరుగుతుంది కానీ కుడి ఎడమలకు వాలదు. వాలు బండ మీద దిగంతరేఖ సరిచేయాలంటే కాళ్లతోనో, కింది గిన్నెతోనో కుస్తీ పట్టాలి. నిలువు ఫ్రేముకు అసలే పనికిరాదు. కౌండిన్య అభయారణ్యం పరిసరాల్లో పక్షుల కోసం వాడే గింబల్ హెడ్ కూడా అంతే, కదిలే ప్రాణి వెంట పెద్ద లెన్సును తిప్పడానికే దాన్ని చేశారు.

పలమనేరు, కుప్పం దారిలోని కైగల్ జలపాతం నిలువు ఫ్రేమును కోరుతుంది. బాల్‌హెడ్‌ను పక్క గాడిలోకి వాల్చి నిలువు చేస్తే కెమెరా బరువంతా ఒక పక్కకు వేలాడుతుంది. ఎన్‌డీ ఫిల్టరు వేసి నీళ్లను పాలధారలా తీయాలనుకున్నప్పుడు ఆ వేలాట మంచిది కాదు. కెమెరాకు ఎల్ ఆకారపు ప్లేటు బిగిస్తే, కెమెరాను తీసి నిలువుగా మళ్లీ పెట్టుకోవచ్చు, బరువు స్టాండు నడిమధ్యనే ఉంటుంది. ఆ ప్లేటూ హెడ్ మీది పట్టూ రెండూ ఆర్కా స్విస్ తరహావే ఉండేలా చూసుకోండి. రేపు హెడ్ మార్చినా ప్లేటు పనికొస్తుంది.

పనోరమా తీసేవారికి ఒక మాట. బండ మీద కాళ్లు ఎప్పుడూ సమంగా నిలవవు. హెడ్ అడుగు పీఠం ఆ వాలులోనే తిరుగుతుంది కాబట్టి, మొదటి ఫ్రేములో తిన్నగా ఉన్న దిగంతరేఖ ఐదో ఫ్రేముకు ఏటవాలైపోతుంది. గుండుకు పైన, కెమెరాను పట్టే చోట కూడా తిరిగే పీఠం ఉన్న బాల్‌హెడ్‌లు దొరుకుతున్నాయి. ముందు గుండుతో రసమట్టం చూసుకుని, ఆ తర్వాత పై పీఠాన్ని తిప్పితే గీత తప్పదు. ఒక్కో ఫ్రేము ముందుదాని మీదికి మూడోవంతు ఎక్కేలా తీస్తే అతుకులు కుదురుతాయి.

మన దుమ్ము సంగతీ మరవకూడదు. కుప్పం వైపు గ్రానైటు క్వారీల దగ్గర తీస్తే రాతిపొడి బాల్‌హెడ్ గుండు మీద చేరి గీతలు పెడుతుంది. పొడి గుడ్డతో తుడవండి, నూనె మాత్రం వేయకండి. నూనె పడిన గుండు పట్టు వదిలేస్తుంది.

చేతిలో డబ్బు ఒక్క హెడ్‌కే సరిపోయేవారు, నడిచి ఎక్కే అలవాటుంటే బిరుసు నాబ్ ఉన్న గట్టి బాల్‌హెడ్‌ను, కారు దిగిన చోటే తీసేవారైతే గేర్ హెడ్‌ను, అది అందకపోతే త్రీవే హెడ్‌ను కొనండి. మా ఊళ్లలో ఇవన్నీ పెట్టి చూపించే షాపులు తక్కువ, బొమ్మ చూసి తెప్పించుకునేవారే ఎక్కువ. ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం జరిపే మన ఫొటోగ్రాఫర్లకు అందుకే ఒక విన్నపం. సన్మానాలతో పాటు ఆ రోజు మీ దగ్గరున్న హెడ్‌లన్నీ ఒక బల్ల మీద పెట్టండి. కొత్తగా వచ్చే పిల్లలను తమ కెమెరాలు వాటికి తగిలించి, బిగించి, తిప్పి చూసుకోనివ్వండి.