పాక్షికంగా రద్దు

ఇంజినీరింగ్ పనుల కారణంగా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా కొన్ని రైళ్లు రద్దు, కొన్ని పాక్షికంగా రద్దు, కొన్ని దారి మళ్లింపు అని జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్త పడుతుంది. కొత్తవాళ్లు అందులో తమ బండి పేరు ఉందో లేదో చూసి పేపరు మడిచేస్తారు. గుంతకల్లు, అనంతపురం, ధర్మవరం, హిందూపురం మధ్య ప్యాసింజర్ బండ్లను నమ్ముకుని తిరిగేవాళ్లు అట్లా చదవరు. వాళ్ల కన్ను మొదట పాక్షికంగా రద్దయిన బండ్ల మీద పడుతుంది. పూర్తిగా రద్దయినదాని గురించి ఆలోచించడానికి ఏమీ ఉండదు. సగం దూరం వచ్చే బండి ఎక్కడిదాకా వస్తుందన్నది మాత్రం లెక్క వేసుకోవాలి. ధర్మవరంలో ఆపేస్తే ఫరవాలేదు, బస్సుల ఊరు. పెనుకొండలో ఆపేస్తే హైవే మీదికి ఆటో చూసుకోవాలి. మధ్యలో ఏ చిన్న స్టేషన్లోనో ఆపేస్తే ఆ బండి వచ్చినా రానట్టే.

ఈ మొదటి పాఠం ప్లాట్‌ఫారం మీద ఇంకా పొట్టిగా నడుస్తుంది.

“ఏమప్పా, హిందూపురం బండి ఈపొద్దు వస్తాదా?”

“వస్తాదంటమ్మా. ధర్మవరంలోనే నిలిపేస్తారంట.”

“ఆడికన్నా వస్తాది కదా.”

రెండో పాఠం జత బండిది. పొద్దున ఒక వైపు పోయిన పెట్టెలే సాయంత్రం ఇంకో నంబరుతో వెనక్కి వస్తాయి. పొద్దుటిది రద్దని రాసి, సాయంత్రం బండి గురించి ఏమీ రాయకపోతే సంతోషించకూడదు. పోని బండి తిరిగి ఎట్లా వస్తుంది? రోజూ తిరిగే గుమాస్తాలు, టీచర్లు, ధర్మవరం చీరల మూటలవాళ్లు ఈ జతలన్నీ నోటికి చెబుతారు. టైంటేబుల్ రాసినవాళ్లకు కూడా అంత గుర్తుండదేమో.

మూడోది క్రాసింగ్. ఒంటి లైను రోజుల్లో ఎదురుగా వచ్చే బండి దాటేదాకా మనది పక్క లైన్లో నిలబడేది. ‘క్రాసింగ్ పడింది’ అన్నారంటే పెట్టెలో సగం మంది కిందికి దిగి కాళ్లు చాచుకునేవాళ్లు. గుంతకల్లు–బెంగళూరు దారిలో రెండో లైను పడ్డాక ఆ బాధ చాలా తగ్గింది. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల పోయే లైను మాత్రం ఇంకా ఒంటిదే. రెండు లైన్లున్న చోట కూడా ఒకదాని మీద బ్లాక్ ఇచ్చారంటే, అంటే పనికోసం కొన్ని గంటలు బండ్లు ఆపారంటే, రెండు వైపుల రాకపోకలూ మిగిలిన లైను మీదే పడతాయి. ఆ కాసేపు పాత కాలం తిరిగొస్తుంది. అప్పుడు ఎవరు ఆగుతారో, ఎవరు పోతారో చూడండి. ముందు ఎక్స్‌ప్రెస్, తర్వాత ఇంకో ఎక్స్‌ప్రెస్, ఒక్కోసారి గూడ్స్ కూడా, అందరూ పోయాక మన ప్యాసింజర్.

పని వద్దనేవాణ్ని కాను. ఈ పీఠభూమి మీద పట్టా ఎంత కష్టం పడుతుందో ఎండాకాలం నడిమధ్యాహ్నం కంకర మీద పది అడుగులు నడిచినవాళ్లకు తెలుసు. ఉక్కు వేడెక్కితే సాగుతుంది. కిలోమీటరు పొడవు పట్టా ఒక్క డిగ్రీ వేడికి 12 మిల్లీమీటర్ల దాకా సాగాలని చూస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్న పట్టా మధ్యాహ్నానికి ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకోండి, అడుగు పైనే సాగాలి. పొడవుగా వెల్డింగ్ చేసిన పట్టాకు సాగే చోటు లేదు. స్లీపర్లు, వాటి క్లిప్పులు, చుట్టూ కూరిన కంకర కలిసి దాన్ని కదలకుండా అదిమి పట్టుకోవాలి. కంకర ఎక్కడైనా జారితే, క్లిప్పు ఎక్కడైనా ఊడితే పట్టా అక్కడ పక్కకు వంగుతుంది. అందుకే వేడి ఒక హద్దు దాటగానే ఎండలో గస్తీ మొదలవుతుంది. అందుకే యంత్రాలు వచ్చి పట్టాలను ఎత్తి కింద కంకర దట్టిస్తాయి. పనైన చోట మొదటి బండ్లను నిదానంగా పోనిచ్చి, కంకర సర్దుకున్నకొద్దీ వేగం పెంచుతారు. బండి నడకలో పోతుంటే విసుక్కుంటాం గానీ, అప్పుడు కిటికీలోంచి చూస్తే తెల్లగా మెరిసే కొత్త కంకర కనబడుతుంది. విసుగు సగం తగ్గుతుంది. నాకైతే తగ్గుతుంది.

ఇంకా పొద్దున్నే కీమ్యాన్ కనబడతాడు. సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని తనకిచ్చిన మేర అంతా రోజూ నడుస్తాడు. వదులైన క్లిప్పును కొట్టి బిగిస్తాడు. బండి వస్తే పక్కకు తప్పుకుని పెట్టెలకేసి చూస్తూ నిలబడతాడు. మన వేగం ఆ మనిషి కాళ్ల మీద ఆధారపడి ఉంది.

పైగా ఈ దారి మనకు చేదు పాఠాలే చెప్పింది. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ గుద్దింది. పాతికమంది దాకా చనిపోయారు. 2013 డిసెంబరులో కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ పెట్టె మంటల్లో కాలింది. 2015 ఆగస్టులో అదే నాందేడ్ బండిని పెనుకొండ దగ్గర గేటు వద్ద గ్రానైటు లారీ గుద్దింది. గేట్లు తీసేసి కింద వంతెనలు కడతామన్నా, సిగ్నళ్లు మారుస్తామన్నా, పుట్టపర్తి వైపు సొరంగంలో మరమ్మతు చేస్తామన్నా, చేయనీ అంటాను.

నా తగవు ఆ పని భారం ఎవరి నెత్తిన పెడుతున్నారన్న దగ్గరే. లైను ఆగితే ఎక్స్‌ప్రెస్‌కు దారి మళ్లింపు దొరుకుతుంది. గుత్తి నుంచి రేణిగుంట, జోలార్‌పేట మీదుగా చుట్టు తిరిగైనా బెంగళూరు చేరుతుంది. ప్యాసింజర్‌ను అట్లా తిప్పడానికి లేదు. తాటిచెర్లలో దిగాల్సినవాణ్ని జోలార్‌పేట చూపించి తెస్తే ఏం లాభం? కాబట్టి రద్దు చేస్తారు. రద్దు కాగితం రాసేవాళ్లకు అది చాలా సులువు. ఆ బండికి రిజర్వేషన్ లేదు, డబ్బు వాపసు ఇచ్చే పని లేదు, ఎంతమంది ఎక్కలేకపోయారో చెప్పే లెక్కా మిగలదు. కల్లూరు, గార్లదిన్నె, తాటిచెర్ల, ప్రసన్నాయపల్లి, చిగిచెర్లలో నిలబడి ఎదురుచూసినవాళ్లు ఏ రికార్డులోనూ ఉండరు.

కరోనా వచ్చినప్పుడూ ఇదే వరస. 2020 మార్చిలో బండ్లన్నీ ఆగాయి. ఎక్స్‌ప్రెస్‌లు స్పెషళ్ల పేరుతో ముందు తిరిగొచ్చాయి. ప్యాసింజర్లు చాలా ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవి కూడా ఎక్స్‌ప్రెస్ చార్జీతో వచ్చాయి. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ మళ్లీ పదికి దిగలేదు. బండి వేగం మాత్రం ఈ రెండు ధరల కాలంలోనూ ఒక్కటే.

అసలు ఈ పట్టాలు ఇక్కడికి ఎందుకొచ్చాయో గుర్తు చేసుకుంటే ఈ వరస ఇంకా వింతగా ఉంటుంది. మద్రాసు లైను గుత్తి, గుంతకల్లు మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనును కలిసింది. అయిదేళ్లకే ధాత కరువు. 1876–78లో దత్తమండలాలు ఎండిపోయాయి. రైలు దాకా ధాన్యం వచ్చినా అక్కణ్నుంచి లోపలి పల్లెలకు మోసే ఎద్దులు లేవు, అవీ చచ్చిపోయాయి. అదే రైలు మీద ధాన్యాన్ని ఎక్కువ ధర పలికే చోటికి తరలించినవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ. 1880లో కరువు కమిషన్ కూర్చుని కరువు ప్రాంతాలకు రైళ్లు వేయాలంది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది కరువు నివారణ పనిగానే. అనంతపురం విడి జిల్లా అయింది కూడా ఆ ఏడే. ఆ కంపెనీయే పదేళ్ల తర్వాత, 1892–93లో, గుంతకల్లు నుంచి మైసూరు సరిహద్దు దాకా మీటర్‌గేజి లైను నడిపింది. గింజ లోపలి పల్లె దాకా చేరాలన్న ఆలోచన నుంచి వచ్చిన దారి ఇది. ఇప్పుడు ఆ దారి బాగుచేసే ప్రతిసారీ మొదట తప్పించేది లోపలి పల్లెనే.

ఎవరినీ దారిలో వదలకుండా పని చేసిన చోట్లూ ఉన్నాయి. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య 70 కిలోమీటర్ల లైనును 2024 జులై నుంచి డిసెంబరు దాకా అయిదు నెలలు పూర్తిగా మూసి బాగుచేశారు. మూయకముందే నూట యాభై బస్సులు సిద్ధం చేసుకున్నారు. జర్మనీతో మనకు పోటీ ఏమిటంటారా? డబ్బులో పోటీ లేదు, నిజమే. కానీ బస్సులు మనకూ ఉన్నాయి. గుత్తి, అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అన్నిచోట్లా ఆర్టీసీ బస్టాండు ఉంది. రైలు ఆగిన రోజు ఆ బస్సుల్లో ఏం జరుగుతుందో చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో చార్జీ లేదు. బండి రద్దయిందని తెలియగానే భార్య జీరో టికెట్టుతో సీట్లో కూర్చుంటుంది, భర్త జేబు తడుముకుంటూ డోరు దగ్గర నిలబడతాడు. పెళ్లిళ్లకు పోయేవాళ్లకు ఇది నవ్వులాటే. బెంగళూరు కూలికి పోయేవాళ్లకు కాదు. ఆ ఉచితం సరిహద్దు దాటే బస్సుకు లేదు. దొడ్డబళ్లాపుర, యలహంక వైపు దిగి కట్టడం పనులకు పోయేవాళ్లు ఆడా మగా ఇద్దరూ పూర్తి టికెట్టే కొనాలి.

రద్దు కాగితంలో ఇంకో రెండు వరుసలు చేరిస్తే చాలు. ఈ బండి లేని రోజుల్లో, ఈ స్టేషన్ నుంచి, ఇన్ని గంటలకు ఫలానా బస్సు ఉంది. రైలు టికెట్టో సీజన్ పాసో చూపిస్తే ఎక్కనిస్తారు. ఇందుకు కొత్త రైలు అక్కర్లేదు, కొత్త బస్సు కూడా చాలాచోట్ల అక్కర్లేదు. గుంతకల్లులో రైల్వే డివిజన్ ఆఫీసు ఉంది, అనంతపురంలో ఆర్టీసీ ఉంది. బ్లాక్ ఎప్పుడివ్వాలో, ఏ బండి ఆపాలో ముందే రాసుకుంటారు కాబట్టి తేదీలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. రెండు ఆఫీసుల మధ్య ఒక ఫోను కాల్, స్టేషన్ గోడ మీద తెలుగులో ఒక కాగితం. గార్లదిన్నె గోడ మీద కూడా.