‘పాతాళభైరవి’: దీపం తీసి దేవతను నిలిపిన కథ

‘పాతాళభైరవి’ని పిల్లల సినిమా అని పక్కన పెట్టేవారున్నారు. తెలుగు చలనచిత్రాలన్నిటిలో మేటి అని కీర్తించేవారూ ఉన్నారు. ఈ రెండు మాటల్లో దేనితోనూ మేము పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాము. 1951 మార్చి 15న విడుదలైన ఈ చిత్రం నిజంగా భయంకరమైన ఒక కథను ఎత్తుకున్నది. సగం దాకా దానిని ధైర్యంగా చెప్పింది. ఆ పైన నవ్వుల సందడిలో జారవిడిచింది. ఈ చిత్రంపై మా ఇష్టానికీ అసంతృప్తికీ కారణాలను విద్యార్థుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

విజయా సంస్థ పక్షాన నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ చిత్రానికి కె.వి. రెడ్డి దర్శకుడు, రచయిత పింగళి నాగేంద్రరావు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’ నుంచీ, అల్లావుద్దీన్ అద్భుతదీపం కథ నుంచీ దీని కథావస్తువు వచ్చింది. అల్లావుద్దీన్ కథ ఛాయలు సులభంగానే గుర్తుపట్టవచ్చు. పేద యువకుడిని వెతుక్కుంటూ వచ్చే మాంత్రికుడు, కోరినది ఇచ్చే వస్తువు, అది దొంగచేతుల్లో పడటం, రాజకుమారితో సహా భవనం మాయం కావడం – అన్నీ అక్కడివే.

అయితే దీపం మాత్రం ఇక్కడ లేదు. దాని స్థానంలో దేవత ఉన్నది. ఈ ఒక్క మార్పుతో కథ స్వభావమే మారిపోయింది. అల్లావుద్దీన్‌తో మాంత్రికుడికి ఉన్న పని గుహలోంచి ఒక వస్తువు తెప్పించుకోవడం. నేపాళ మాంత్రికుడికి కావలసినది సాహసవంతుడైన యువకుడి తల. దీపాన్ని రుద్దితే చాలు. దేవత బలి అడుగుతుంది. కొలనులో మొసలిగా పడి ఉన్న శాపగ్రస్త తోటరాముడి చేతిలో విముక్తి పొంది, మాంత్రికుడి పన్నాగం బయటపెడుతుంది. తోటరాముడు మాంత్రికుడినే బలి ఇస్తాడు. దేవత ప్రసన్నురాలై కోరికలు తీర్చే ప్రతిమను అతనికి అనుగ్రహిస్తుంది.

ఇక్కడ మన చదువరులకు మరొక కథ గుర్తుకు రావాలి. భేతాళ కథల ముగింపూ ఇదే. విక్రమార్కుడిని బలి ఇవ్వబోయిన సన్యాసి, భేతాళుడి హెచ్చరిక వల్ల, తానే బలి అవుతాడు. 1947లో ‘చందమామ’ను ప్రారంభించినవారు ఈ నిర్మాతలే, ఆ పత్రికే భేతాళ కథలను ఇంటింటికీ చేర్చింది. 1956 నుంచి అదే పత్రిక ఒడియాలో ‘జహ్నమాము’గా వచ్చింది కనుక గంజాం పిల్లలకు ఆ శవమూ, ఆ చెట్టూ రెండు భాషల్లోనూ పరిచయమే. కాని ఒక భేదం ఉన్నది. విక్రమార్కుడు కత్తి ఎత్తే ముందు న్యాయాన్యాయాల గురించి ఎన్నో చిక్కుప్రశ్నలకు జవాబు చెప్పి ఉంటాడు. ఆ అధికారం అతడు సంపాదించుకున్నది. తోటరాముడిని ఎవరూ ఏమీ అడగరు. పిల్లనివ్వడానికి రాజు పెట్టిన షరతు ఐశ్వర్యం. ఆ ఐశ్వర్యం ఒక నరబలికి ప్రతిఫలంగా వచ్చింది. ఆత్మరక్షణ కోసం చంపడం వేరు, ఆ చావుకు బహుమతి పుచ్చుకోవడం వేరు. ఈ చిక్కు దగ్గరికి చిత్రం వచ్చింది, కాని అక్కడ నిలవలేదు. శిష్యుడు సదాజపుడు సంజీవనితో గురువును తిరిగి బ్రతికించడంతో తోటరాముడి ఖాతాలోని హత్య దానంతట అదే చెరిగిపోయింది.

ఇటీవల మా విద్యార్థులతో కలిసి ఈ చిత్రాన్ని మరొకసారి చూశాము. ఇంట తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగినవారే వారిలో ఎక్కువమంది. చిత్రం ముగిశాక ఒక అమ్మాయి అడిగింది: “ఆ తల నరికినందుకే కదండీ అమ్మవారు బొమ్మ ఇచ్చింది? మరి ఆ సంగతి రాజకుమారికి ఎవరైనా చెప్పారా?” పై నాలుగు వాక్యాల్లో మేము చెప్పినది ఆ ప్రశ్నకు వ్యాఖ్యానమే.

గంజాం ప్రేక్షకులకు ఈ ప్రశ్న తోచడంలో ఆశ్చర్యం లేదు. నరబలి అన్నది ఈ ప్రాంతంలో కేవలం కథామాత్రం కాదు. ఘుముసర పోరాటం నాటి 1836లో, ఇక్కడి కొండల్లో కంధులు భూదేవికి మనిషిని అర్పించే ‘మెరియా’ ఆచారం గురించి రసెల్ దొర మద్రాసు ప్రభుత్వానికి నివేదించాడు. దానిని అణచడానికి 1845లో ప్రత్యేకంగా మెరియా ఏజెన్సీ ఏర్పడింది. దొరల రాతల్లో తమ దండయాత్రలకు సమర్థన వెతుక్కునే ధోరణి ఉన్న మాట నిజమే. అయినా మనిషికి బదులు దున్నను బలి ఇవ్వడం అనే మార్పు ఒక సమాజం ఎంతో కష్టపడి దాటిన మెట్టు. తెరమీద దానిని అంత తేలికగా దాటడం ఇక్కడివారికి కొంత ఇబ్బందిగానే ఉంటుంది.

బలి అడిగే దేవత ఒక్కతే మనకు తెలిసిన దేవత కాదు. బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుంది. ఆమెకు తండ్రి వరసైన దేశిబెహరా తెలుగు మూలాలున్న దేరా నేతగాళ్ళ కులపెద్ద. మొక్కుకున్నవారు పులివేషాలు, ఇతర వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. ఆ తల్లి ఉగ్రమూర్తే, కాని ఇంటి ఆడపడుచు కూడా. ఆమెతో ఊరికి బాంధవ్యం ఉన్నది. పాతాళభైరవికి ఎవరితోనూ బాంధవ్యం లేదు. ఎవరి చేతిలో ప్రతిమ ఉంటే వారి కోరిక తీరుస్తుంది. మంచి, చెడు అడగదు. అంటే దీపాన్ని తొలగించి దేవతను తెచ్చిన రచయిత, రెండో సగంలో దేవతను మళ్ళీ దీపంగా మార్చివేశాడు. మా అసంతృప్తికి మూలం ఇదే.

ఇక ఇష్టం సంగతి. అది ముఖ్యంగా భాష వల్ల కలిగినది. తోటరాముడు, అంజి మాట్లాడేది వాడుక తెలుగు. మాంత్రికుడికి పింగళి వేరే భాషే కల్పించాడు. పసివాడు అనే అర్థం గల సంస్కృత పదం ‘డింభక’ను అతని పిలుపుగా చేశాడు. రాజకుమారిని పిలవడానికి పారసీ నుంచి వచ్చిన పిట్టపేరు ‘బుల్‌బుల్’ ఇచ్చాడు. రెండు కొసల నుంచి తెచ్చిన ఈ మాటల కలయికలో మనిషి ఏ దేశంవాడో, ఏ కాలంవాడో తెలియదు. పరాయితనమే అతని మాండలికం. అప్పటికి ముప్పయి రెండేళ్ళ ఎస్.వి. రంగారావు ఆ మాటలను సాగదీసి, ఆపి, తూచి పలికిన తీరులోనే భయం పుట్టింది. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణంలోని చీకటి దానికి తోడైంది. తెలుగు తడబడుతూ చదివే మా విద్యార్థులు సైతం ‘డింభకా’ అని ఒకరినొకరు పిలుచుకోవడం విన్నాము. భాష అలా అంటుకోవడం చిన్న విషయం కాదు.

ఇంత శక్తి గల పాత్రను చిత్రం ఎలా ఓడించింది? సదాజపుడి వేషంలో వచ్చిన అంజి, రాజకుమారి మెచ్చుకుంటుందని ఆశ పెట్టి గడ్డం గీయించుకునేలా చేస్తాడు. శక్తి అంతా గడ్డంలోనే ఉన్నది. హాస్యంగా ఈ ఘట్టం చక్కనిది, చూసిన ప్రతిసారీ మాకూ నవ్వు వచ్చింది. కాని బలిపీఠంతో మొదలైన కథకు మంగలికత్తి సరిపోయిన ముగింపు కాదు. తోటమాలి కొడుకును వలచే తెగువ చూపిన ఇందుమతికి ఈ భాగంలో కథను మలుపు తిప్పే ఒక్క మాటా దక్కలేదు. మాంత్రికుడికి అన్ని మాటలు కల్పించిన కలం ఆమెకు నిరాకరణ, కన్నీరు మాత్రమే ఇచ్చింది.

విద్యార్థులు ఈ చిత్రాన్ని తప్పక చూడాలనే మా సలహా. మొదటిసారి కథ కోసం చూడండి. రెండోసారి ఎవరి నోట ఏ తెలుగు పలికిందో వ్రాసుకుంటూ వినండి. భాషాశాస్త్రానికి అది మంచి అభ్యాసం. ఆ తరువాత మీ ఇంటిలో పెద్దలు చెప్పిన ఏదైనా అమ్మవారి కథను పక్కన పెట్టి, వరానికి ఎవరు ఏమి చెల్లించారో రెండింటిలోనూ పోల్చి చూడండి. ఆ పోలిక మీద వ్యాసాలు వ్రాసి తెస్తే తరగతిలో చర్చిద్దాము.