ఏ గుడికి ఏ పూట

అంకోర్‌లో గైడు లేకపోయినా నెట్టుకురావచ్చు. చేతిలో ఒక మంచి పుస్తకం ఉండి, చిన్నప్పుడు విన్న పురాణాలు నాలుగు గుర్తుంటే సగం శిల్పాలు వాటంతట అవే తెలిసిపోతాయి. సరైన డ్రైవరు దొరక్కపోతే మాత్రం ఆ రోజు చేజారినట్టే. నలుగురిలో ఈ మాటంటే నవ్వుతారు. అయినా వెనక్కి తీసుకోను.

అంకోర్ అంటే ఒక గుడి కాదు. కంబోడియాలో సియం రీప్ ఊరు దాటాక సుమారు 400 చదరపు కిలోమీటర్ల మేర అడవిలో, చెరువుల పక్కన, వరి పొలాల మధ్య చెదిరి ఉన్న గుళ్ల సముదాయం. తొమ్మిదో శతాబ్దం నుంచి ఖ్మేర్ రాజులు ఒకరి తర్వాత ఒకరు కట్టుకుంటూ పోయారు. ఫ్రెంచివాళ్ల కాలం నుంచీ వీటిని చూడటానికి రెండు చుట్లు ఉన్నాయి. చిన్న చుట్టు 17 కిలోమీటర్లు, పెద్ద చుట్టు 26. డ్రైవర్లు రేటు చెప్పేదీ ఈ లెక్కలోనే. తెల్లవారకముందే అంకోర్ వాట్, టిఫిన్లు అయ్యాక బయాన్, ఎండ ముదిరేసరికి తా ప్రోమ్. వచ్చినవాళ్లంతా ఇదే వరసలో వెళతారు, బస్సులూ అంతే. ఎక్కడికి వెళ్లాలో అందరికీ తెలుసు. ఏ పూట వెళ్లాలో, ఏ గుమ్మం దగ్గర దింపి ఏ గుమ్మం దగ్గర ఎక్కించుకోవాలో, వేటిని వదిలెయ్యాలో తెలిసినవాడే డ్రైవరు.

మాకు దొరికినాయన యాభై దాటిన మనిషి. మెడలో క్రమా అనే గళ్ల తువ్వాలు. చెమట తుడుచుకోవాలన్నా, తలకి చుట్టుకోవాలన్నా, బండి సీటు దులపాలన్నా అదే. బండి రెమార్క్. అంటే మోటార్ సైకిల్ వెనక కొక్కేనికి తగిలించిన రెండు చక్రాల పెట్టె బండి, నలుగురు ఎదురెదురుగా కూర్చోవచ్చు. కాళ్ల దగ్గర ఐసు పెట్టెలో నీళ్ల సీసాలు. ఈ మధ్య ఆ ఊళ్లో మన బజాజ్ ఆటోలు బాగా దిగాయి. యాప్‌లో పిలిస్తే వస్తాయి, డబ్బులూ తక్కువ. రెమార్క్ వాళ్లకి అదొక కడుపుమంట. ఆటో ఎదురొచ్చినప్పుడల్లా ఆయన "ఇండియా!" అని వెనక్కి తిరిగి నన్ను చూసేవాడు, వాటన్నిటినీ ఓడెక్కించింది నేనే అన్నట్టు.

అక్కడ పెద్దవాళ్లని 'బాంగ్' అని పిలుస్తారు, మనం అన్నా అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. ఆయన మాత్రం సార్, మేడమ్ దగ్గరే ఆగిపోయాడు.

"సూర్యోదయానికి ఎన్నింటికి బయల్దేరదాం బాంగ్?" అని ముందురోజు అడిగాను.

"సూర్యుడు రోజూ వస్తాడు సార్. జనమూ రోజూ వస్తారు. మీకు కనపడేది ముందువాడి ఫోను."

"మరి?"

"బాంటే స్రీ. ఏడున్నరకి తీస్తారు. బస్సులు వచ్చేలోపు మీరు బయటికొచ్చెయ్యాలి."

ఇంకో సంగతి కూడా అప్పుడే తేల్చేశాడు. మే నెల కాబట్టి మధ్యాహ్నం దాటితే వాన రావచ్చు. అందుకని పైకప్పు లేనివి పొద్దున, ఉన్నది సాయంత్రం. బయాన్ లోపలికి వెళ్లడం లేదు. "ఒక్కరోజు టికెట్‌తో అన్నీ చూస్తే హోటల్‌కి వెళ్లాక ఏ ఫోటో ఏ గుడిదో మీకే తెలీదు" అన్నాడు. ఆ టికెట్ 37 డాలర్లు, మన ఫోటో ముద్రించి మరీ ఇస్తారు. అంత పోసి కొన్నాక బయాన్ వదలడానికి మా ఆవిడ ప్రాణం ఒప్పుకోలేదు. కాసేపు వాదన నడిచింది. ఆయనే గెలిచాడు.

బాంటే స్రీ ఊరికి దాదాపు 37 కిలోమీటర్లు. 1990లలో ఈ దారికి ఖ్మేర్ రూజ్ ముఠాల భయం ఉండేది. "నా పెళ్లినాటికి ఇటు మందుపాతరలు సార్, గుడికెవరొస్తారు" అన్నాడు, ఆ రోజుల్లో రోడ్డు బాగుండేది కాదు అన్నంత తేలిగ్గా. గుడి చిన్నది. గోపురాలు పది మీటర్లు కూడా ఉండవు, గర్భగుడి తలుపులోంచి వెళ్లాలంటే నడుం వంచాల్సిందే. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే రాజగురువు. 967లో ప్రతిష్ఠ జరిగింది. ఎర్రటి ఇసుకరాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంటే చెక్కడంలోని ప్రతి గాటుకీ నీడ తేలుతుంది. పదకొండింటికి నడినెత్తి ఎండలో అదే గోడ చప్పగా ఉంటుందట. ఏడున్నర అని ఆయన పట్టుబట్టింది ఇందుకే.

నేను ఎక్కువసేపు నిలబడింది ఉత్తరం వైపు గ్రంథాలయం అని పిలిచే చిన్న కట్టడం గుమ్మం పైన ఉన్న పలక ముందు. పైన మూడు తలల ఐరావతం మీద ఇంద్రుడు. ఆయన కింద వాన. రాతిలో వాన ఎలా చెక్కుతారు? సన్నటి గీతలు, పక్కపక్కనే, ఏటవాలుగా, పలక అంతా. ఆ గీతలు ఒక మట్టానికి వచ్చి ఠక్కున ఆగిపోతాయి. అక్కడ బాణాల పందిరి. పందిరి కింద ఒక్క చినుకు లేదు, జంతువులు బెదిరి పరుగులు తీస్తున్నాయి. ఖాండవ దహనం అని పండితులు గుర్తించారు. భారతం ఎన్నిసార్లు విన్నా ఖాండవంలో అగ్నే కళ్లముందుకొచ్చేది నాకు. ఈ శిల్పికి వాన కనపడింది. వానలు విరగబడి కురిసే దేశం వాడు మరి.

ఈ గుడికో దొంగల కథ ఉంది. 1923లో ఆంద్రే మాల్రో అనే ఫ్రెంచి కుర్రాడు ఇక్కడి దేవతా శిల్పాలని రంపాలతో కోయించి ఎడ్లబండ్ల మీద వేసుకుపోయి, నామ్ పెన్‌లో పట్టుబడ్డాడు. తర్వాతి కాలంలో ఆ కుర్రాడే పెద్ద నవలాకారుడై ఫ్రాన్సుకి సాంస్కృతిక మంత్రి కూడా అయ్యాడు. ఆ దొంగతనం పుణ్యమా అని ప్రభుత్వానికి గుడి మీద దృష్టి పడింది. 1931 నుంచి 1936 దాకా ఫ్రెంచి వాస్తుశిల్పి ఆన్రీ మార్షల్, జావాలో డచ్చివాళ్లు చేసిన పద్ధతిలో, పడిన రాయినల్లా గుర్తుపట్టి దాని చోట్లో దాన్ని నిలబెట్టాడు.

ఇవన్నీ మా డ్రైవరు చెప్పినవి కావు. ఆయన గుమ్మం దాటి రాడు, రాకూడదు. లోపల చూపించి చెప్పడానికి లైసెన్సు ఉన్న గైడులు వేరే ఉంటారు. డ్రైవర్ల రాజ్యం చెట్టు కింద. మనం లోపలుండగా బండి కమ్మీలకి తాళ్ల ఉయ్యాల కట్టుకుని నడుం వాలుస్తారు. చూస్తే నిద్రే. కానీ ఏ బస్సు వచ్చింది, ఏది కదిలింది, మబ్బు ఎటు పట్టింది అన్న కబురంతా ఉయ్యాల నుంచి ఉయ్యాలకి నడుస్తూనే ఉంటుంది. నేను బయటికొచ్చేసరికి ఆయనకి తా ప్రోమ్ దగ్గర ఎంత మంది ఉన్నారో తెలుసు.

"ఇప్పుడొద్దు. తిందాం" అన్నాడు.

దారిలో ప్రీయా డాక్ ఊరు. రోడ్డు పొడుగునా తాటాకు పాకలు, పెద్ద మూకుళ్లలో కాగుతున్న తాటి నీరా, తాటాకు మడతల్లో కట్టిన బెల్లం బిళ్లలు. కంబోడియా జాతీయ వృక్షం మన తాటిచెట్టే, జాతి కూడా అదే. ఎక్కే పద్ధతి మాత్రం వేరు. మన గీత కార్మికులు మోకు వేసి ఎక్కుతారు. ఇక్కడ కణుపుల దగ్గర కొమ్మలు కాస్త ఉంచి కొట్టిన వెదురు బొంగుని చెట్టుకి కట్టేసి, దాన్నే నిచ్చెన చేసుకుంటారు. మా ఆవిడ ఒక బిళ్ల కొరికి చూసి, తాటి బెల్లంలో ఉండాల్సిన ఆ కాస్త మాడు రుచి ఉందని తేల్చి, నాలుగు కట్టలు కొంది. అక్కడే బియ్యపు సేమ్యా మీద నిమ్మగడ్డి వేసిన చేపల పులుసు పోసి, అరటిపువ్వు తరిగి వేసి పెట్టారు. నుం బంచోక్ అంటారు.

తింటూ రామాయణం ఎత్తాను. వాళ్ల రామాయణం రీమ్‌కేర్. ఆయనకి అది చదువులోంచి వచ్చింది కాదు, నాట్యాలు చూసి వచ్చింది. అందులో హనుమంతుడు సేతువు కడుతుంటే సోవన్ మచ్ఛా అనే మత్స్యకన్య రాళ్లు లాగేస్తుంది, చివరికి ఇద్దరికీ ప్రేమ. "మా హనుమంతుడు బ్రహ్మచారి" అన్నాను కాస్త పెద్దరికంగా. "మైరావణుడి కథలో మత్స్యవల్లభుడు ఎవరి కొడుకో చెప్పు మరి" అని మా ఆవిడ తెలుగులో అందుకుంది. చెమట చుక్కని చేప మింగిందని ఆయనకి నాకొచ్చిన ఇంగ్లీషులో వివరించాను. ఆయన చాలా సేపు నవ్వాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

తా ప్రోమ్ దగ్గరికి పన్నెండున్నరకి తీసుకెళ్లాడు. బస్సులవాళ్లు భోజనాలకి ఊళ్లోకి వెళ్లిపోయే వేళ. అందరూ వెళ్లే పడమటి గుమ్మం వదిలేసి తూర్పు వైపు దింపి, పడమర ఉంటానని వెళ్లిపోయాడు. ఏడో జయవర్మ 1186లో తల్లి పేర కట్టించిన విహారం ఇది. దొరికిన సంస్కృత శాసనంలో గుడి చిట్టా ఉంది. సేవకి 3,140 ఊళ్లు, 79,365 మంది మనుషులు, 615 మంది నాట్యకత్తెలు. ఇప్పుడక్కడ స్పుంగ్ చెట్లు గోడలెక్కి కూర్చున్నాయి. వేళ్లు రాళ్ల సందుల్లోంచి దిగి, గోడని పగలగొట్టి, పగిలిన గోడని తామే పట్టుకుని నిలబడ్డాయి. చెట్టు కొడితే గోడ పడుతుంది, ఉంచితే పగులు పెరుగుతుంది. ఈ తంటాతో మన పురావస్తు శాఖ వాళ్లు ఏళ్ల తరబడి అక్కడ కుస్తీ పట్టి, నర్తనశాలని తిరిగి నిలబెట్టారు. ఓ హాలీవుడ్ సినిమాలో కనపడిన చెట్టు దగ్గర మామూలుగా క్యూ ఉంటుంది. మేం వెళ్లేసరికి కాపలావాడు ఒక్కడే అన్నం తింటున్నాడు.

ఆ 79,365 అన్న అంకె నన్ను వదల్లేదు. ఒకప్పుడు గుడిని ఊళ్లు పోషించాయి. ఇప్పుడు సియం రీప్‌లో గుడే ఊరిని పోషిస్తోంది. కొవిడ్‌లో టూరిస్టులు ఆగిపోయినప్పుడు ఎలా బతికారని మా డ్రైవరుని అడిగితే, "బండి అమ్మలేదు. అది తప్ప అన్నీ అమ్మాను" అన్నాడు.

మూడింటికి మబ్బు కమ్మింది. రెమార్క్‌కి చుట్టిపెట్టిన ప్లాస్టిక్ తెరలు దింపి, ఆయన తడుస్తూనే అంకోర్ వాట్ తూర్పు వైపుకి చేర్చాడు. పడమటి వైపు రాతి వంతెన ఉంటుంది, జనమంతా అటే. తూర్పున కందకం మీద మట్టి కట్ట, అటూ ఇటూ అడవి. అలా వెళితే ముందు తగిలేది క్షీరసాగర మథనం చెక్కిన వసారా. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి. పైకప్పు ఉంది, వాన బయటే. నలభై తొమ్మిది మీటర్ల గోడ మీద ఒకటే తాడు, వాసుకి. ఒకవైపు 92 మంది అసురులు, మరోవైపు 88 మంది దేవతలు, నడుమ విష్ణువు, కింద కూర్మం. పోతన అష్టమ స్కంధం తెలిసినవాళ్లు ఒక్కచోట తటపటాయిస్తారు. దేవతల చివర తోక పట్టుకున్నది కోతి. సాగర మథనంలో కోతికేం పని అని అడగాలనిపిస్తుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం అడుగు వరస. చివర్లలో చేపలు, మొసళ్లు నిండుగా ఈదుతుంటాయి. కవ్వానికి దగ్గరవుతున్నకొద్దీ వాటి వేగం పెరిగి, సరిగ్గా మందర పర్వతం కింద నడుములు తెగి ముక్కలైపోతాయి. అమృతం కోసం ఎవరు బలయ్యారో చెప్పకుండా చెప్పాడు శిల్పి.

వాన వెలిశాక పడమటి గుమ్మం దగ్గర ఆయన తయారు. ఊరివైపు కాకుండా ఉత్తరానికి తిప్పాడు. అంకోర్ థామ్ దక్షిణ ద్వారం. దారికి ఒకవైపు 54 మంది దేవతలు, మరోవైపు 54 మంది అసురులు, చేతుల్లో పాము. ఇప్పుడే గోడ మీద చూసిందే, మనిషిని మించిన ఎత్తులో. కొన్ని తలలు సిమెంటువి, అసలువి దొంగలెత్తుకుపోకుండా దాచిపెట్టినవి కొన్ని, ఎత్తుకుపోయినవి కొన్ని. గోడ చూడకముందు ఇటొస్తే నాకివి వరసగా నిలబెట్టిన బొమ్మలయ్యేవి. బయాన్ చుట్టూ దిగకుండా ఒక ప్రదక్షిణం చేయించాడు. మేడమ్ కోసమట.

హోటల్ దగ్గర లెక్క తేలుతుండగా "రేపు?" అన్నాడు. కో కేర్ అన్నాను. నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో, పదో శతాబ్దంలో కొన్నాళ్లు రాజధానిగా ఉన్న ఊరు. అక్కడి ప్రసాత్ చెన్ గుడిలో భీమ దుర్యోధనుల గదాయుద్ధం నిలువెత్తు విగ్రహాలుగా ఉండేది. దొంగలు చీలమండల దగ్గర కోసి పట్టుకుపోయారు. దుర్యోధనుడు న్యూయార్కు వేలంపాట దాకా వెళ్లి 2011లో ఆగాడు. భీముడు కాలిఫోర్నియా మ్యూజియంలో తేలాడు. ఇద్దరూ 2014లో తిరిగొచ్చారు. "టీవీలో చూశాను. పాదాలు ఇక్కడ, మనుషులు అమెరికాలో" అన్నాడు ఆయన.

"రెమార్క్ అంత దూరం పోదు సార్. మా బామ్మర్దికి కారుంది. ఏసీ."

రేటు చెప్పాడు, మా ఆవిడ తగ్గించింది, నడిమధ్య కుదిరింది. పొద్దున్నే ఐదున్నరకి.

"మరి మీరూ వస్తారా బాంగ్?"

"రావాలి కదా సార్. వాడొక్కడే అయితే పదకొండింటికి మిమ్మల్ని ఆ ఏడంతస్తుల పిరమిడ్ ఎక్కిస్తాడు. ఎండకి చస్తారు."