బొరుసు మీది నిప్పు

నాణెం బొమ్మను పెన్సిల్‌తో గీసుకుంటే తప్ప నా కంటికి ఆనదు. చాన్నాళ్ళ అలవాటు. ఈ వారం మ్యూజియం కేటలాగు ముందు పెట్టుకుని దారిక్ గీశాను. పారసీక చక్రవర్తి మొదటి డేరియస్ హయాంలో, క్రీ.పూ. 6వ శతాబ్దం చివర్లో మొదలైన బంగారు నాణెం. బరువు దాదాపు 8.4 గ్రాములు, మన కాసు కన్నా పిసరంత ఎక్కువ.

బొమ్మ వైపు కిరీటం పెట్టుకున్న విలుకాడు. మోకాలు వంచి పరుగు తీస్తున్నట్టుంటాడు. ఒక చేత విల్లు, ఇంకో చేత ఈటె. పేరు మాత్రం లేదు. అలెగ్జాండర్ వచ్చేదాకా తర్వాతి రాజులూ చిన్నచిన్న మార్పులతో ఆ విలుకాణ్ణే కొట్టించారు.

బొరుసు తిప్పితే గీయడానికి ఏమీ లేదు. ఓ పొడుగాటి గుంట, అంతే. రాజు అచ్చు కింద దాగలిలో ఉంటుంది. దానిమీద బంగారు బిళ్ళ పెట్టి, పైనుంచి మొద్దు కడ్డీ ఆనించి సుత్తితో కొడతారు. బొమ్మ కింద పడుతుంది, దెబ్బ పైన మిగులుతుంది. ఆ గుంటకు నీడ వేస్తుంటే పనివాడి చెయ్యి రాజుకన్నా దగ్గరగా అనిపించింది.

నఖ్ష్-ఎ-రుస్తం కొండలో, తన సమాధి మీద, డేరియస్ మరోలా ఉన్నాడు. మెట్ల అరుగు మీద నిలబడి, విల్లు పట్టుకుని, ఎదురుగా వేదిక మీద మండే అగ్నికి చెయ్యెత్తుతున్నాడు. పైన రెక్కల మూర్తి. బంగారం మీదికి విల్లు వచ్చింది, అగ్ని రాలేదు. పారసీక రాకుమారుడు చిన్న సైరస్ కిరాయి గ్రీకు సిపాయిలకు నెలకో దారిక్ ఇచ్చాడని గ్రీకు చరిత్రకారుడు క్సెనోఫోన్ రాశాడు. వాళ్ళకు చూపించాల్సింది విల్లేనని నా ఊహ.

తర్వాత పార్స్ ప్రాంతపు చిన్న రాజులు వెండి మీద గుడిలాంటి కట్టడం ముందు మొక్కుతున్న రాజును వేశారు. ఆ నేల మీద పుట్టినవాడే అర్దషీర్. క్రీ.శ. 224లో పార్థియన్లను ఓడించి సాసాని రాజ్యం నిలబెట్టాడు. అతని బంగారు దీనారు మీద రాజు ముఖం, చుట్టూ పహ్లవీలో రాత: మజ్దా దేవుణ్ణి కొలిచేవాడు, రాజాధిరాజు, దేవతల అంశ. ఇక బొరుసున, ఒకప్పుడు ఉత్త గుంట ఉన్న చోట, వేదిక, దానిమీద మంటలు. పక్కన ‘అర్దషీర్ అగ్ని’ అని అక్షరాలు. విలుకాడికి దక్కని పేరు ఇక్కడ నిప్పుకు కూడా దక్కింది! ఆ మంటలు గీయడానికి నాకు సాయంత్రమంతా పట్టింది.

ఇక అతని కొడుకు షాపూర్ నాణెం గీయాలి. అందులో వేదికకు అటొకరు ఇటొకరు, అగ్నికి వీపు చేసి, కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంటారు.